పదకొండు నారింజ కన్నులు

రెండు నల్లని కొండలు ఆకాశంలోకి లేచి, కొనల దగ్గర ఒకదాని మీదికి ఒకటి వాలి, తెరిచిన కత్తెరలా నిలబడి ఉంటాయి. అందుకే ఆ దారికి కత్తెర కనుమ అని పేరు. సూర్యుడు ఆ రెండు వాదరల మధ్యకు వచ్చిన రెండు గడియలు మాత్రమే అక్కడ ఎండ పడుతుంది. ఆ కాసేపూ రాళ్ళ మీది నాచు పచ్చలు పొదిగినట్టు మెరుస్తుంది. కొండ చరియల నుంచి జారే సన్నని జలధారలు వెండి జరీ పోగుల్లా వేలాడతాయి. ఎండ దాటిపోయిందంటే మళ్ళీ చలి, మసక, గాలి హోరు.

ఆ ఎండ పడే వేళకే కనుమ ద్వారం దగ్గర ధూమకంఠుడి భటులు బాటసారులను వరసగా నిలబెట్టి చేతులు చూస్తున్నారు.

మొహాలు చూడటం లేదు, మూటలు విప్పటం లేదు. చేతులే. కుడి చూపుడువేలి పక్కన అంటుకత్తి రాసుకుని కాయ కాసిందా, గోళ్ళ సందుల్లో చెట్టుపసరు మరక ఉందా అని వేలు వేలూ వంచి చూస్తున్నారు. తోటపని ఎరిగిన చెయ్యి దొరికితే ఆ మనిషికి అక్కడికక్కడే సంకెళ్ళు పడుతున్నాయి.

వరసలో తొమ్మిదో మనిషి ఒక తేనె వర్తకుడు. తలపాగా, కోరమీసం, నెత్తిన తట్ట, తట్టలో ఆకులు కప్పిన పెద్ద తేనెపట్టు. ఆ మీసం మేక వెంట్రుకలతో అంటించినది. ఆ తలపాగా కింద బారెడు జడ చుట్టలు చుట్టుకుని ఉంది. ఆ వర్తకుడి పేరు కేతకి. నారంగసీమ రాజోద్యానంలో ఆమె కన్నా బాగా అంటు కట్టగలవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.

నాలుగేళ్ళుగా నారంగసీమలో నారింజతోటలు చచ్చిపోతున్నాయి. మొదట లేత ఆకు మీద పసుపు మచ్చ లేస్తుంది. కాయ ఒక పక్క పండి, ఒక పక్క పచ్చిగా ఉండిపోయి రాలిపోతుంది. మూడో ఏటికి చెట్టు నిలువునా ఎండుతుంది. అది అడవిలోని ముళ్ళనారింజలు పెట్టిన శాపమని ధూమకంఠుడనే మాంత్రికుడు సభలో ప్రకటించాడు. అతడిచ్చే భస్మం చల్లినా చెట్లు చస్తూనే ఉన్నాయి. అయినా భయపడిన జనం అతడి కాళ్ళ మీదే పడుతున్నారు. యువరాజుగా నవ్వుతూ తిరిగిన ప్రసన్నవర్ధనుడు రాజయ్యాక కోట గోడల మధ్య బందీలా మిగిలాడు. అడవిలో ఒక్క ముళ్ళనారింజ కూడా మిగలకుండా కాల్చమని, తోటమాలులెవరూ కనుమ దాటకూడదని మాంత్రికుడు ఆజ్ఞ పుట్టించాడు. ఆ ఆజ్ఞ మీద ముద్ర వేసిన చేత్తోనే రాజు కేతకిని రహస్యంగా పంపాడు. "వాళ్ళకంటే ముందు వెళ్ళు. ఆ చెట్లలో ఏముందో నువ్వైనా చూడు" అన్నాడు.

ఎక్కడికి వెళ్ళాలో కేతకికి తెలుసు. నెల కిందట సంతలో ఆమె కొన్న తేనెపట్టు ముక్క ఒక నారింజ ఆకులో చుట్టి ఉంది. ఆ ఆకు కాడకు కూడా చిన్న రెక్క ఉంది, ఆకుకు ఇంకో ఆకు అతికించినట్టు. ఆ రెక్క అడవి ముళ్ళనారింజది. వెడల్పు మాత్రం తీపి రాజనారింజది. రెండు జాతులు ఒక్క ఆకులో కలిశాయి. దాని మీద ఒక్క పసుపు మచ్చ కూడా లేదు. అలాంటి ఆకు ఆమె తన జన్మలో ఒకే ఒక్క చెట్టుకు చూసింది, పందొమ్మిదేళ్ళ కిందట, తన తండ్రి పెంచిన చెట్టుకు. తేనె అమ్మిన ముసలామె అప్పటికే జనంలో కలిసిపోయింది. కత్తెర కనుమ అవతలి మనిషి అని మాత్రం సంతలో చెప్పారు.

"ఏయ్, చెయ్యి చాపు!" అన్నాడు భటుడు.

కేతకి తేనెమైనం దట్టంగా పూసిన చేతిని చాపింది. భటుడు తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచి, చూపుడువేలిని వెలుతురులోకి తిప్పాడు.

"ఈ కాయ ఏమిటిరా?"

"తేనె కోసే కత్తి దొరా. పొద్దస్తమానం అదే పని" అంది గొంతు బరువు చేసి.

"తేనె కోసే కత్తికి అరచేతిలో కాయ కాస్తుంది. వేలి పక్కన కాదు. మా అన్న తోటమాలి. నాకు తెలియదనుకున్నావా?"

అతడి నోట ఆ మాట పూర్తయ్యేలోపే కేతకి నెత్తిన ఉన్న తట్ట అతడి కాళ్ళ దగ్గర బద్దలయింది. పగిలిన పట్టులోంచి వేల తేనెటీగలు బుస్సుమని లేచాయి. భటులు ఈటెలు పారేసి తలలు కప్పుకున్నారు. గుర్రాలు వెనక్కాళ్ళ మీద లేచాయి. సంకెళ్ళలో ఉన్నవాళ్ళు కూడా ఆ గందరగోళంలో తలో దిక్కుకూ పరుగెత్తారు. కేతకి కనుమలోకి దూసుకుపోయింది. నాలుగు కుట్లు మెడ మీద మండుతున్నా ఆగలేదు. వెనక నుంచి రెండు బాణాలు వచ్చి రాతికి తగిలి నిప్పులు రాల్చాయి. మలుపు తిరిగి చూస్తే దారి లేదు. ముందు నిట్టనిలువు అగాధం.

"ఓ తేనెయ్యా! తీగ పట్టుకో!"

అవతలి చరియ మీద నుంచి ఒక ముసలి గొంతు. మనిషి చేయి లావున్న అడవితీగ ఊగుతూ వచ్చింది. మూడో బాణం తలపాగాను ఎగరేసుకుపోయిన క్షణాన కేతకి తీగ అందుకుని గాలిలోకి దూకింది. రాయి మోకాలికి తగిలింది, ఊపిరి ఆగినంత పనైంది, తర్వాత రెండు బలమైన చేతులు ఆమెను గట్టు మీదికి లాగాయి.

లాగింది సంతలో తేనె అమ్మిన ఆ ముసలామే. పేరు కోరమ్మ. ఆమె తీగను చకచకా పైకి చుట్టేసి, కేతకి మొహంలోకి చూసి బోసినవ్వు నవ్వింది.

"మీసం ఒక పక్క ఊడిపోతా ఉండాది. జడేమో నడుం దాకా ఉండాది. ఏం వేషమమ్మా ఇది?"

కేతకి ఊడిన మీసం కొసను అదుముకుంటూ అడిగింది. "అవ్వా, నువ్వు తేనె చుట్టిన ఆకు ఎక్కడిది?"

కోరమ్మ నవ్వు ఆగిపోయింది. "ఆకు చూసే వచ్చినావా? పెద్దాయన చెప్తానే ఉన్నాడు. ఊరికే ఇసిరేసే ఆకే గదా, దాన్లో చుట్టి అమ్మవే కోరమ్మా, చదవగలిగినోళ్ళ కంట ఎప్పుడన్నా పడతది అని. నాలుగేండ్లాయె చుట్టబట్టి. పా, పోదాం."

ముళ్ళకు చిక్కకుండా జడను అంగీ లోపలికి దోపుకుని కేతకి కోరమ్మ వెంట పొదల్లోకి దిగింది. ఆకాశంలో చాలా ఎత్తున బూడిదరంగు రాబందు ఒకటి చప్పుడు లేకుండా గుండ్రంగా తిరుగుతోంది. ధూమకంఠుడు గొంతులోంచి పొగ వదిలి పుట్టించే రాబందు అది. నారింజ పసరు వాసన ఎక్కడున్నా పసిగడుతుంది. దాన్ని వాళ్ళిద్దరిలో ఎవరూ చూడలేదు.

పోయేది ముళ్ళకోనకని కోరమ్మ చెబితే కేతకి రాళ్ళూ తుప్పలూ ఊహించుకుంది. పొదలు తప్పించుకుని వాలు దిగేసరికి ఆమె కళ్ళు చెదిరాయి. మూడు వందలకు పైగా నారింజచెట్లు, ఏ రెండూ ఒక్కలాగా లేవు. కొన్నిటికి వేలెడు ముళ్ళు, కొన్నిటికి అసలు లేవు. ఒకదానికి గచ్చకాయలంత కాయలు, పక్కదానికి గుమ్మడి పిందెలంతటివి. ఒకటి గొడుగులా పరుచుకుంటే, ఒకటి తాడిలా నిటారుగా లేచింది. కొన్ని చెట్లు పసుపెక్కి చావుకు సిద్ధంగా ఉన్నాయి, కొన్ని నవనవలాడుతున్నాయి. తెల్లని పూలు విరగబూసి, ఆ పరిమళం కోనంతా తేనెలా చిక్కబడి ఉంది.

మధ్యలో ఒక చెట్టు కింద, వెదురు ఎత్తుపీట మీద ఒక వృద్ధుడు నిలబడి ఉన్నాడు. పళ్ళ మధ్య డేగ ఈక పట్టుకుని, దాని కొనతో ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వు నడుమ అద్దుతున్నాడు. ఎడమచేత్తో కొమ్మను వంచి పట్టుకున్నాడు. కుడిచేతికి వేళ్ళు లేవు.

కేతకి ఉన్నచోటే నిలిచిపోయింది.

ఆ వేళ్ళు ఎలా పోయాయో ఆమెకు తెలుసు. అప్పుడు ఆమెకు పన్నెండేళ్ళు. తండ్రి పొన్నయ్య రాజోద్యానంలో పెద్దతోటమాలి. రాజనారింజ పువ్వుకు అడవి ముళ్ళనారింజ పుప్పొడి అద్ది ఆయన ఒక కొత్త చెట్టును పెంచాడు. ఏడేళ్ళకు అది మొదటి కాపు కాసింది. నాన్న చెట్టు పండును రాజుగారు తినాలని కేతకికి ముచ్చట పుట్టింది. అప్పటి రాజు ఉగ్రవర్ధన మహారాజు పట్టాభిషేక వార్షికోత్సవం నాడు ఆమె ఎవరికీ చెప్పకుండా ఒక పండు కోసి రాజుగారి పళ్ళెంలో పెట్టింది. ఆ పండు చేదు విషం. రాజు ఉమ్మేసి, ఇది ఎవరి పండు అని గర్జించాడు. మా నాన్నది అని ఆమే చెప్పింది. రాజును చంపబోయాడని తీర్పు అయింది. నిండుసభలో ఆ పండును పొన్నయ్య చేత తినిపించి, తర్వాత ఇక పుప్పొడి ముట్టకుండా కుడిచేతి వేళ్ళు తీసి, దేశం వెళ్ళగొట్టారు.

పొన్నయ్య పీట మీద నుంచే ఓరగా చూసి, ఈక తీసి అన్నాడు.

"కోరమ్మా, ఎవరో వచ్చినట్టున్నారు. చేతులు కడుక్కున్నావా నాయనా? కడుక్కుంటే ఈ కొమ్మ పట్టుకో. నాకు ఒక చెయ్యి తక్కువ."

కేతకి చేతులు కడుక్కుని వచ్చి కొమ్మ పట్టుకుంది. ఆయన అడగకుండానే చెప్పుకుపోయాడు, ఎన్నో ఏళ్ళుగా చెప్పేందుకు మనిషి దొరకనివాడిలా.

"మీ దేశంలో లక్ష నారింజచెట్లున్నాయంటారు గదా? అబద్ధం. ఉన్నది ఒక్కటే చెట్టు. ఎన్నడో ఎవరో తీపి చెట్టు ఒకటి దొరికితే, దాని కొమ్మే తెచ్చి తెచ్చి లక్షసార్లు అంటు కట్టాం. అన్నీ ఒకే ఒళ్ళు. ఒకదాన్ని చంపే తెగులు అన్నిటినీ చంపుతుంది. నేను తోటలో ఉన్నప్పుడే మూలన ఒక చెట్టుకు ఆ పసుపు చూశాను. ఎవరూ నమ్మలేదు. అడవిలో ముళ్ళనారింజకు ఎరువు వేసేదెవరు? నీళ్ళు పోసేదెవరు? ఎన్ని తెగుళ్ళు తిని అరిగించుకుందో అది! ఆ బలం దీనిలోకి రావాలంటే చేదు కూడా వస్తుంది. ఒక తరం ఓర్చుకోవాలి. మళ్ళీ తీపి పుప్పొడి అద్దాలి. ఇంకో తరం ఓర్చుకోవాలి. రాజులకు అంత ఓపిక ఎక్కడిది?"

"మరి... రాజోద్యానంలో మీరు పెంచిన చెట్టును రాజు నరికించాడు కదా. ఇవన్నీ ఎలా వచ్చాయి?" మారుగొంతుతోనే అడిగింది.

"సభలో నా చేత పండు తినిపించారు. గింజలు మింగలేదు. ఏడు గింజలు బుగ్గన దాచుకున్నాను. వేళ్ళు నరికేటప్పుడు పళ్ళు బిగించానే గాని నోరు తెరవలేదు. అరిస్తే గింజలు పడిపోతాయి మరి." ఆయన అదేదో మామూలు విషయంలా చెప్పి పీట దిగాడు. "ఆ ఏడే ఇక్కడ నాటాను. అవి పూతకొచ్చాక ప్రతి ఏడూ కోరమ్మ సరిహద్దు తోటల నుంచి తీపి మొగ్గలు తడి ఆకుల్లో చుట్టి తెచ్చేది. నేను అద్దేవాణ్ణి. ఆ గింజల చెట్లే ఇవి. వీటికి తెగులు పట్టిన పుల్లలు కూడా తెప్పించి నా చేత్తోనే అంటించాను, ఏది బతుకుతుందో చూద్దామని. ఎన్నో చచ్చాయి. బతికినవాటిలో ఎన్నో చేదు. ఒక్కటి... ఇదిగో, ఈ ఒక్కటి. నిరుడు తొలికాపు కాసింది. రుచి చూస్తావా నాయనా?"

ఎడమచేత్తో ఆయన ఒక పండు కోసి, పళ్ళతో తొక్క చీల్చి, తొన ఆమె చేతికిచ్చాడు. కేతకి నోట్లో పెట్టుకుంది. తీపి. తీపి వెనక, నాలుక చివర, అడవి గాలిలాంటి ఒక చిన్న ఘాటు. ఆమె ఆయన కాళ్ళ దగ్గర మోకరిల్లింది.

"నాన్నా" అంది, తన గొంతుతో.

ఆయన ఆమె మొహమే చూశాడు. పన్నెండేళ్ళ పిల్లను వెతుక్కుంటున్నట్టుగా చూశాడు. తర్వాత వంగి, ఎడమచేత్తో ఆ మేకవెంట్రుకల మీసాన్ని పీకి పారేశాడు.

"ఇంత పెద్దదానివయ్యావా?" అన్నాడు.

"ఆ పండు పళ్ళెంలో పెట్టింది నేనే నాన్నా. ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా..."

"తెలుసు."

"తెలుసా?"

"చెట్టు కింద బుట్ట బోర్లించి ఎక్కిన గుర్తు ఉంది. మట్టిలో చిన్న పాదాలు. ఆ రోజు పొద్దున్నే చూశాను."

"మరి సభలో ఎందుకు చెప్పలేదు?" ఆమె దాదాపు అరిచింది.

"ఏం చెప్పమంటావు? నా వేళ్ళు కాదు, నా బిడ్డవి తీసుకోండి అనా?"

"ఎవరి పండు అని అడిగితే నోరు మూసుకుని ఉండాల్సింది. మా నాన్నది అని నేనే చెప్పాను..."

"ఎలా చెప్పావో గుర్తుందా?" పొన్నయ్య ఆమె పక్కన చతికిలబడ్డాడు. "మెడ ఎత్తి చెప్పావు. సభంతా వినేట్టు చెప్పావు. నా చెట్టు గురించి ఈ లోకంలో అంత గర్వంగా మాట్లాడింది నువ్వొక్కదానివే తల్లీ. ఈ కోనలో పందొమ్మిదేళ్ళు నేను ఆ మాట తినే బతికాను."

కేతకి ఆయన కుడి అరచేతిలో మొహం దాచుకుని ఏడ్చింది. వేళ్ళు లేని ఆ చేతికి ఆమె మొహం సరిపోలేదు. కన్నీళ్ళు పక్క నుంచి జారి మట్టిలో పడ్డాయి.

కొంచెం సేపటికి ఆయన అడిగాడు. "మీ అమ్మ?"

"ఆరేళ్ళయింది నాన్నా."

పొన్నయ్య లేచి, పక్క చెట్టు దగ్గరకు వెళ్ళి, పండుటాకులు ఒక్కొక్కటే గిల్లసాగాడు. గిల్లాల్సినవి అయిపోయాక మంచి ఆకులు కూడా గిల్లాడు. కేతకి నడుము నుంచి అంటుకత్తి తీసి ఆయనకు చూపించింది. "నీ కత్తే. పోయేదాకా అమ్మ దీనికి నూనె రాస్తూనే ఉంది." ఆయన చూసి తల ఊపాడు. తీసుకోలేదు.

అప్పుడు కోరమ్మ కేక వినిపించింది.

"పెద్దాయనా! పొగ! కనుమ దిక్కు నించి పొగ వస్తా ఉండాది! దుంగలు పరిచి దాటేసినారు!"

తలెత్తి చూశారు. కోన మొదట్లో ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. పొగరాబందులు పదులుగా, ఇరవైలుగా గోళ్ళలో నిప్పుకణికలు పట్టుకుని దిగుతున్నాయి. మొదటి కణిక పడిన చెట్టు ఒక్కసారిగా భగ్గుమంది. నూనె నిండిన నారింజ ఆకులు చిటపటమని పేలాయి. వాటి వెనక యుద్ధపు కాహళుల మోత, గుర్రాల సకిలింపులు.

కేతకి మొహం పాలిపోయింది. "నా వెంటే వచ్చారు. రెండోసారి కూడా నేనే తెచ్చాను నాన్నా..."

"ఏడుపు తర్వాత. కత్తి తియ్యి" అన్నాడు పొన్నయ్య. ఆ గొంతు తండ్రిది కాదు, నూరుమంది తోటమాలులను నడిపినవాడిది. "చెట్టును మోసుకుపోలేం. కన్నులు తీసుకుపో. పోయినేటి కొమ్మలు, పలకలు పోయి గుండ్రబడ్డవి, చిటికెనవేలు లావు. అదిగో అది. ఇంకా పైది. ఊఁ!"

ఆకు మొదట్లో నిద్రపోయే చిగురునే తోటమాలులు కన్ను అంటారు. ఒక్క కన్ను బతికితే చెట్టు బతికినట్టే. కేతకి మూడు పుల్లలు కోసింది. ఆకులు తుంచి కాడలు మాత్రం ఉంచింది. ఒక్కొక్క కన్నును వేలితో తడిమి లెక్కపెట్టింది. నాలుగు, నాలుగు, మూడు. కోరమ్మ తడినాచు చుట్టి, వెదురు గొట్టంలో పెట్టి, మైనంతో మూత బిగించింది. అప్పటికి సగం కోన మండుతోంది.

"అయిదు రోజులు. ఆరో రోజుకు కన్ను మూసుకుంటుంది" అన్నాడు పొన్నయ్య వేగంగా. "ముళ్ళనారింజ వేరు మీదే కట్టు. ఇంకో మాట విను. దీన్నే లక్షసార్లు అంటు కట్టి ఊరుకోకండి. మళ్ళీ ఇదే గతి పడుతుంది. ఏటా కొత్త గింజ నాటండి. చేదు వచ్చినా నాటండి."

"నువ్వే చెబుదువు గాని. పద నాన్నా!"

"వాటికి పసరు వాసన తెలుసు. గొట్టం మూసినా నీ చేతులకు వాసన ఉంది. దక్షిణాన ఉన్న గాలివంకను నువ్వు తాడు మీద దాటేదాకా అవి ఇంకో వైపు చూడాలి." ఆయన అప్పుడే నరికిన పెద్ద కొమ్మ ఒకటి భుజానికెత్తుకున్నాడు. తెగిన మొదలు నుంచి ఘాటైన వాసన గుప్పుమంది. "నేను ఉత్తరపు చరియకు పోతాను. నా మోకాళ్ళు ఆ తాడు మీద నడవలేవు."

"నిన్ను వదిలి పోను. పోను నాన్నా!"

"పెద్దతోటమాలి ఆజ్ఞ ఇది. పో." కుడి అరచేతిని ఆమె తల మీద ఒక్కసారి ఆనించాడు. మరుక్షణం వెనక్కి తిరిగి, కొమ్మను నేల మీద ఈడ్చుకుంటూ, "రండిరా, రండి! నారింజ ఇక్కడుంది!" అని రాబందులను తిడుతూ చెట్ల మధ్యకు నడిచిపోయాడు. ఆయన కుంటుతున్నాడని కేతకి అప్పుడే గమనించింది.

కోరమ్మ ఆమె మణికట్టు పట్టుకుని లాగింది. మండే కొమ్మల కింద నుంచి, రాలుతున్న కాయల మీద నుంచి ఇద్దరూ పరుగెత్తారు. కోన దక్షిణపు అంచున గాలివంక ఉంది. అడుగున పింగళానది ఉరుకుతుంది. ఆ వంకలో గాలి రాత్రింబగళ్ళు ఎంత జోరుగా వీస్తుందంటే పొగ క్షణం నిలవదు. రాబందులు దాన్ని దాటలేవు. దాని మీద ఒకే ఒక తీగతాడు, పైన చేతులకు ఇంకొకటి. గొట్టాన్ని వీపుకు కట్టుకుని కేతకి నడిచింది. గాలికి తాడు ఉయ్యాలలా ఊగింది. అవతలి గట్టు అందుకుని వెనక్కి తిరిగేసరికి కోరమ్మ కూడా దాటింది.

ఉత్తరపు చరియ మీద రాబందులన్నీ ఒకే చోట సుడి తిరుగుతున్నాయి. ఆ సుడి మెల్లగా కిందికి దిగింది. తర్వాత ఏమీ కనిపించలేదు.

పొగ గాలివంక అంచుదాకా వచ్చి ఆగింది. అందులోంచి ఒక గొంతు వచ్చింది. గరగరమనే గొంతు.

"తోటమాలి కూతురా! నీ తండ్రి నా చేతిలో ఉన్నాడు. ఆ గొట్టం గాలిలోకి విసురు. ముసలివాణ్ణి నీకు పంపిస్తాను."

"ధూమకంఠుడు" అంది కోరమ్మ.

"నాన్నా!" కేతకి గొంతు చించుకుని అరిచింది. "నాన్నా, ఉన్నావా? ఒక్కమాట పలుకు!"

జవాబు లేదు. మంటల చప్పుడు, గాలి హోరు.

"నమ్మకం లేదా? నువ్వు విసరకముందే పంపిస్తున్నాను, చూసుకో!"

తాడు బిగిసింది. పొగలోపల ఎవరో దాని మీద అడుగు పెట్టారు. ఒక్కరే. అడుగు, ఆగి ఇంకో అడుగు. తాడు మొదలున్న అవతలి అంచున పొగ దట్టంగా ఉంది. మనిషి ఆకారం కూడా తెలియటం లేదు. తాడు బరువుకు కుంగటం ఒక్కటే తెలుస్తోంది.

"కొయ్యి" అంది కోరమ్మ.

"నాన్న అయితే?"

"పలకలేదు గదమ్మా. ఆయనైతే పలకడా? భటుడే అది. ఇటు వచ్చినాడంటే వెనక వందమంది వస్తారు. కొయ్యి!"

కేతకి కత్తి తాడు మీద పెట్టింది. నాన్న అయితే పలికేవాడు. లేక, ఆమె తాడు కొయ్యాలనే పలకటం లేదేమో. తను పలికితే కూతురి చెయ్యి ఆగిపోతుందని ఆయనకు తెలియదా? "నాన్నా!" అని చివరిసారి పిలిచింది. ఇంకో అడుగు పడింది. తాడు ఇంకొంచెం కుంగింది.

ఆమె కోసింది. కింద తాడు, పై తాడు, రెండూ.

తెగిన కొసలు పొగలోకి కొరడాల్లా వెళ్ళిపోయాయి. కేక వినిపించలేదు. గాలి హోరులో వినిపించే అవకాశమూ లేదు. గట్టు మీద కూలబడిన కేతకిని కోరమ్మ భుజాలు పట్టి లేపింది.

"ఆయన కాదమ్మా" అంది.

"నువ్వు చూశావా అవ్వా?"

కోరమ్మ గొట్టం మూత బిగువుగా ఉందో లేదో చూసి, కొంగు దోపుకుని, నదికి దిగే మెట్లదారి పట్టింది.

నది ఒడ్డున పొదల్లో కోరమ్మ దాచుకున్న వెదురుతెప్ప ఉంది. ఇద్దరూ దాన్ని నీళ్ళలోకి తోశారు. పింగళ ఆ కొండల మధ్య గుర్రంలా పరుగెత్తుతుంది. తెప్ప రాళ్ళ మధ్య విసురుగా తిరిగింది, ఒక సుడిలో మునిగి తేలింది. కేతకి వీపు మీది గొట్టాన్ని ఒక చేత్తో తడుముకుంటూనే తెడ్డు వేసింది. ఆమె కళ్ళు ధారలు కడుతున్నాయి. నీటి తుంపరల్లో అవి ఎవరికీ తెలియవు.

మలుపు దగ్గర కోన సెలయేరు పైనుంచి నదిలోకి దూకుతుంది. అక్కడ నీళ్ళు నల్లగా, బూడిదతో వస్తున్నాయి. ఆ బూడిద మధ్య నారింజకాయలు. పెద్దవి, చిన్నవి, ముళ్ళకొమ్మతో సహా తెగినవి, ఒక పక్క కాలినవి. వందలుగా వచ్చి తెప్ప చుట్టూ తేలుతున్నాయి. ఒకటి వచ్చి ఆమె మోకాలికి ఒరుసుకుని నిలిచింది. ఇంకా వెచ్చగా ఉంది.

"అమ్మా, ముందు చూడు!" కోరమ్మ కేకేసింది.

నది సన్నబడిన చోట, రెండు ఒడ్లకూ అడ్డంగా ఇనుపగొలుసు లేస్తోంది. ఒడ్డున ఇరవైమంది భటులు చక్రం తిప్పుతున్నారు. తేనెటీగల కాట్లకు మొహం వాచిన ఒకడు ఆమెను గుర్తుపట్టి ఈటె ఎత్తాడు.

కేతకి మోకాలి దగ్గరి కాయను నీళ్ళలోకి తోసేసి, గొట్టాన్ని కోరమ్మ వీపుకు బిగించి కట్టింది. అంటుకత్తిని పళ్ళ మధ్య కరిచిపట్టింది. రెండు చేతులతో తెడ్డు ఎత్తి, గొలుసు ఇంకా నీళ్ళను దాటి పూర్తిగా లేవని నడిమి పాయ వైపుకు తెప్పను సూటిగా తిప్పింది.